కెమికల్ ఇంజినీరింగ్ బీటెక్: సీటు నుంచి ప్లాంటు దాకా

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. కంప్యూటర్ సైన్సూ దాని చుట్టాలూ అయిపోయి, ఈసీఈ కూడా అయిపోయాక, "ఇదీ ఓ చివర పడి ఉండనీ" అని కెమికల్‌ని చేరుస్తారు. తీరా చూస్తే అదే వస్తుంది. అలా వచ్చినవాళ్లకీ, కోరి తీసుకున్నవాళ్లకీ పనికొచ్చేలా ఈ నాలుగేళ్లు ఎలా చదవాలో వరుసగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. సిలబస్‌లో సబ్జెక్టులు నలభై కనిపిస్తాయి గానీ, వాటి అడుగున నడిచే లెక్క ఒక్కటే. లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది, లోపల ఎంత పుట్టింది, ఎంత ఖర్చయింది, ఎంత పేరుకుంది. ఈ లెక్క చేతికి రాకుండా మూడో ఏడాదికి వెళ్లినవాళ్లు ప్రతి సబ్జెక్టునీ విడిగా బట్టీ పట్టాల్సి వస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

1. ఇది కెమిస్ట్రీ కాదని ముందే తెలుసుకోండి

ఇంటర్‌లో కెమిస్ట్రీ అంటే ప్రాణమని కెమికల్ తీసుకునేవాళ్లున్నారు, కెమిస్ట్రీ అంటే భయమని వదిలేసేవాళ్లున్నారు. ఇద్దరిదీ పొరపాటే. రసాయన చర్యను ఫ్లాస్కులో నడిపించి చూపేది కెమిస్టు. అదే చర్యను రోజుకు టన్నుల లెక్కన, గిట్టుబాటయ్యేలా, ఎవరికీ ఏమీ కాకుండా జరిపించాల్సింది కెమికల్ ఇంజినీరు. కాబట్టి చదువులో ఎక్కువ భాగం పంపులు, పైపులు, ఆవిరి, వేడి, టవర్లు, కంట్రోల్ వాల్వుల గురించే ఉంటుంది. అంటే ఫిజిక్సూ మ్యాథ్సూ. ఆర్గానిక్ కెమిస్ట్రీ మెకానిజాలంటేనే ఇష్టం, మిగతావి వద్దు అనుకునేవాళ్లకు బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ దారి మేలు.

నలుగురికి పులిహోర కలపడం వేరు, పెళ్లిలో వెయ్యిమందికి కలపడం వేరు. గిన్నె పెద్దదైతే కలిపే తీరే మారిపోతుంది. దీన్నే అంకెల్లో చూడండి. ఒక లీటరు ఫ్లాస్కులో వేడి పుట్టే చర్య జరుగుతుంటే కింద ఐసు పెడితే చల్లబడుతుంది. ఫార్మా ప్లాంటులో అదే చర్యను 5,000 లీటర్ల గ్లాస్ లైన్డ్ రియాక్టర్‌లో, అంటే లోపలి గోడకు గాజు పూత ఉన్న పాత్రలో చేస్తారు, ప్లాంటులో అందరూ జీఎల్‌ఆర్ అంటారు. ఘనపరిమాణం 5,000 రెట్లు పెరిగితే పొడవు కొలతలు పెరిగేది సుమారు 17 రెట్లే. ఉపరితలం 17 వర్గం చొప్పున, అంటే దాదాపు 290 రెట్లు పెరుగుతుంది. వేడి పుట్టేది మొత్తం ద్రవంలో, బయటికి పోయేది మాత్రం గోడ గుండా. అంటే ప్రతి లీటరుకీ దొరికే గోడ 17 రెట్లు తగ్గిపోయింది. ఫ్లాస్కులో అరగంటలో పోసిన రియాజెంటును ఇక్కడ గంటల తరబడి చుక్కచుక్కగా పోయాల్సి రావడానికి కారణం ఇదే.

ఇంకో విషయం. 1915లో ఆర్థర్ డి. లిటిల్ అనే అమెరికన్ ఇంజినీరు, ఏ రసాయన పరిశ్రమనైనా కొన్ని ప్రాథమిక పనులుగా విడగొట్టవచ్చన్నాడు. నలగ్గొట్టడం, వడగట్టడం, మరిగించడం, ఆరబెట్టడం, మరిగించి ఆ ఆవిరిని చల్లబరిచి వేరుచేయడం (డిస్టిలేషన్) లాంటివి. వీటినే యూనిట్ ఆపరేషన్స్ అంటారు. పాలపొడి, పెట్రోలు, పారాసెటమాల్, కాగితం, యూరియా అన్నిటినీ ఒకే బ్రాంచివాళ్లు చేయగలగడానికి ఆ చూపే ఆధారం. ఉద్యోగం ఫలానా పరిశ్రమలోనే అని కట్టుబడనక్కర్లేదన్న ధైర్యం కూడా అక్కడినుంచే వస్తుంది.

2. సీటు, కాలేజీ

దారులు చాలామందికి తెలిసినవే. రెండు రాష్ట్రాల ఈఏపీసెట్లతో ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ, జేఎన్‌టీయూ అనంతపురం, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ లాంటి చోట్లా, ప్రైవేటు కాలేజీల్లోనూ చేరవచ్చు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో వరంగల్, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలు, అడ్వాన్స్‌డ్‌తో హైదరాబాద్, తిరుపతి ఐఐటీలు. పెట్రోలియం వైపు మనసున్నవాళ్లు విశాఖలోని ఐఐపీఈని (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీ) కూడా చూడాలి. డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరతారు. వీళ్లకు మొదటి ఏడాది మ్యాథ్స్ తప్పిపోతుంది. వేసవిలోనే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ సొంతంగా చూసుకుని రావాలి, లేదంటే హీట్ ట్రాన్స్‌ఫర్‌లో చుక్కలు కనిపిస్తాయి.

ప్రైవేటు కాలేజీని చూడటానికి వెళ్తే బ్రోచరు పక్కన పెట్టి నేరుగా మాస్ ట్రాన్స్‌ఫర్ ల్యాబుకి (మిశ్రమాల్లోంచి పదార్థాల్ని వేరుచేసే ప్రయోగాలు ఇక్కడే) వెళ్లండి. డిస్టిలేషన్ సెటప్ ఉందా, పనిచేస్తోందా, కిందటి నెలలో దాని మీద ఎవరైనా రీడింగులు తీశారా అని ల్యాబ్ అసిస్టెంటును అడగండి. "రిపేర్లో ఉంది" అన్న జవాబు రెండు మూడు మెషీన్లకు వరుసగా వినిపిస్తే అర్థమైపోతుంది. తర్వాత మూడో ఏడాది విద్యార్థిని పట్టుకుని ఇంటర్న్‌షిప్పులు కాలేజీ ఇప్పిస్తుందా, వాళ్లే తిరిగి తెచ్చుకుంటారా అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు వచ్చిన జవాబులు ర్యాంకింగుల కంటే నమ్మదగినవి.

జీతం సంగతి దాచడం ఎందుకు? చేరిన కొత్తలో సాఫ్ట్‌వేర్ ఆఫర్లతో పోలిస్తే ప్లాంటు ఉద్యోగానికి తక్కువే వస్తుంది. షిఫ్టులుంటాయి, ఊరికి దూరంగా ఉంటుంది. ఐదారేళ్ల అనుభవం వచ్చాక పరిస్థితి మారుతుంది, అదీ పని చేతికొచ్చినవాళ్లకు. ఇంట్లో ఈ మాట ముందే మాట్లాడుకుంటే మంచిది.

3. మొదటి ఏడాది

అన్ని బ్రాంచీలకూ ఒకటే సిలబస్ కాబట్టి త్వరగా తేల్చేస్తాను. మ్యాథ్స్‌ను పాసవడానికి చదవకండి, ముఖ్యంగా డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. అవి మూడేళ్లూ వెంట వస్తాయి. లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్స్ ఏ సెమిస్టర్లో వచ్చినా ప్రాసెస్ కంట్రోల్ దాకా మరిచిపోకూడదు. ప్రోగ్రామింగులో పైథాన్ వస్తే వదలకండి. ఎక్సెల్‌లో గోల్ సీక్, సాల్వర్ (కావాల్సిన జవాబు నుంచి తెలియని అంకెను వెతికే సాధనాలు) వాడటం ఇప్పుడే నేర్చుకోండి.

ఖాళీ ఉన్నప్పుడు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, యూనిట్లు. కాలేజీలో పాస్కల్స్ చెబుతారు. ప్లాంటులో ఆపరేటరు "మూడున్నర కేజీల స్టీము" అంటాడు. అంటే చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోల గేజ్ ప్రెజర్, వాతావరణ పీడనం మీద అదనంగా ఉన్నది. దానికి వాతావరణ పీడనం కలుపుకుని స్టీమ్ టేబుల్ చూస్తే ఉష్ణోగ్రత 147, 148 డిగ్రీల దగ్గర తేలుతుంది. వాతావరణ పీడనం కలపడం మరిచిపోతే పది డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. వాక్యూమ్‌ని పాదరసం మిల్లీమీటర్లలో చెబుతారు, చల్లబరిచే సామర్థ్యాన్ని టన్నుల్లో చెబుతారు. ఒక టన్ను రిఫ్రిజరేషన్ అంటే 3.517 కిలోవాట్లు. ఇవన్నీ నాలుక మీద ఉంటే ఇంటర్వ్యూలో సగం భయం పోతుంది.

4. రెండో ఏడాది మొదటి సెమిస్టరు: అసలు పునాది ఇక్కడే

కెమికల్ ప్రాసెస్ కాలిక్యులేషన్స్. కొన్ని యూనివర్సిటీల్లో స్టాయికియోమెట్రీ అనో, మెటీరియల్ అండ్ ఎనర్జీ బ్యాలెన్స్ అనో పేరు. లెక్కలన్నీ కూడికలూ తీసివేతలే కాబట్టి తేలిగ్గా కనిపిస్తుంది. తేలిక అనుకోవడం వల్లే మునుగుతారు.

మొదట వార్తల్లో వచ్చే అంకెల్ని పరీక్షించడం అలవాటు చేసుకోండి. రామగుండం ఎరువుల కర్మాగారం సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమోనియా, 3,850 టన్నుల యూరియా. ఈ రెండంకెలకూ పొంతన ఉందా? రెండు అణువుల అమోనియా, ఒక అణువు కార్బన్ డయాక్సైడ్ కలిస్తే ఒక అణువు యూరియా, ఒక అణువు నీరు వస్తాయి. అణుభారాలు చూస్తే 34 భాగాల అమోనియాకి 60 భాగాల యూరియా. 3,850ని 34తో గుణించి 60తో భాగిస్తే 2,182. అంటే తయారైన అమోనియా దాదాపు మొత్తం యూరియాకే పోతోంది. ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎంత కావాలి? 3,850ని 44తో గుణించి 60తో భాగించండి, రోజుకు 2,823 టన్నులు. అంత గ్యాసు ఎక్కడ్నుంచి వస్తుంది? సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు పక్కన వచ్చేది అదే. అందుకే అమోనియా ప్లాంటూ యూరియా ప్లాంటూ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. నాలుగు గుణకారాలతో ఒక కర్మాగారం ఎందుకలా కట్టారో తెలిసిపోయింది. ఈ సబ్జెక్టు ఇచ్చే ఆనందం ఇదే.

తర్వాత పద్ధతి. ఏ లెక్క అయినా ఈ వరుసలోనే చేయండి, ఎంత చిన్నదైనా సరే. బొమ్మ గీయండి. వచ్చే గీతలు, పోయే గీతలు అన్నిటి మీదా తెలిసిన అంకెలు రాయండి, తెలియనివాటికి అక్షరాలు పెట్టండి. బేసిస్ (లెక్కకు ఆధారంగా తీసుకునే పరిమాణం) ఎంచుకుని దాన్ని పేజీ పైన రాయండి. ఎన్ని తెలియనివి, ఎన్ని సమీకరణాలు అని లెక్కపెట్టండి. ఆ తర్వాతే క్యాలిక్యులేటరు ముట్టుకోండి.

చక్కెర ఫ్యాక్టరీ ఎవాపరేటర్‌తో చూద్దాం. గంటకు 1,000 కిలోల చెరకు రసం, అందులో 15 శాతం కరిగిన పదార్థం. దాన్ని 60 శాతం సిరప్‌గా చిక్కబరచాలి. నీరు ఆవిరవుతుంది గానీ చక్కెర ఎక్కడికీ పోదు. లోపలికొచ్చిన 150 కిలోలూ సిరప్‌లోనే ఉండాలి. కాబట్టి సిరప్ 150ని 0.6తో భాగించినంత, అంటే 250 కిలోలు. ఆవిరైన నీరు 750 కిలోలు. మారకుండా దాటిపోయే పదార్థాన్ని టై కాంపొనెంట్ అంటారు. లెక్క చూడగానే కళ్లు ముందు దానికోసమే వెతకాలి. ఇప్పుడు ఆ నీటిని ఆవిరి చేయడానికి కిలోకు సుమారు 2,257 కిలోజౌళ్ల చొప్పున వేసుకుంటే 470 కిలోవాట్లు. ఒకే పాత్రలో చేస్తే బాయిలర్ నుంచి కనీసం అంత ఆవిరీ ఇవ్వాల్సిందే. కానీ మొదటి పాత్రలో (బాడీ అంటారు) పుట్టిన ఆవిరితోనే రెండోదాన్ని, దాని ఆవిరితో మూడోదాన్ని, అలా నాలుగోదాన్నీ వేడిచేస్తే, అదే పనికి బాయిలర్ ఆవిరి నాలుగో వంతుకు కాస్త పైన సరిపోతుంది. చక్కెర ఫ్యాక్టరీలు చెరకు పిప్పితోనే బాయిలర్ నడుపుకోగలగడంలో ఈ వరుసది పెద్ద పాత్ర.

చాలామంది ఆగిపోయేది రీసైకిల్, పర్జ్ లెక్కల దగ్గర. మళ్లీ అమోనియానే తీసుకుందాం. రియాక్టర్‌లో ఒక్కసారి వెళ్తే నైట్రోజన్, హైడ్రోజన్‌లలో కొంత భాగమే అమోనియా అవుతుంది. మిగిలిన గ్యాసును తిప్పి పంపాలి, ఇదే రీసైకిల్. కొత్త గ్యాసులో ఆర్గాన్, మీథేన్ లాంటి చర్యలో పాల్గొననివి ఒక శాతం ఉన్నాయనుకోండి. అవి ఎటూ పోవు, తిరుగుతూ తిరుగుతూ పేరుకుంటాయి. అందుకని కొంత గ్యాసును బయటికి వదలాలి, ఇదే పర్జ్. ఎంత? విద్యార్థులు రియాక్టర్ చుట్టూ బ్యాలెన్స్ మొదలుపెట్టి, రీసైకిల్ ఎంతో తెలియక నాలుగు పేజీలు నింపుతారు. అలా కాకుండా మొత్తం సిస్టమ్ చుట్టూ ఒక డబ్బా గీయండి. రీసైకిల్ గీత పూర్తిగా ఆ డబ్బా లోపలే ఉండిపోయింది, దాని ఊసే అక్కర్లేదు. గంటకు 100 కిలోమోళ్ల కొత్త గ్యాసు వస్తే అందులో 1 కిలోమోలు ఆర్గానూ మీథేనూ. లోపల ఇవి 10 శాతం దాటకూడదంటే, 10 శాతం ఉన్న గ్యాసులోనే ఆ 1 కిలోమోలు బయటికి పోవాలి. అంటే పర్జ్ 10 కిలోమోళ్లు. అమోనియాలో కరిగి పోయే కొద్దిపాటి భాగాన్ని పక్కన పెడుతున్నాం. 5 శాతమే ఉండాలని పట్టుబడితే పర్జ్ 20 కిలోమోళ్లవుతుంది, దాంతోపాటు పారబోసే హైడ్రోజన్ కూడా రెట్టింపుకు మించుతుంది. లెక్క రెండు లైన్లే. డబ్బా ఎక్కడ గీయాలో తెలియడమే విద్య.

ఈ సెమిస్టర్లో టెక్స్ట్‌బుక్ చివరి లెక్కలు రోజుకు రెండు చొప్పున, సొల్యూషన్ మాన్యువల్ తెరవకుండా చేయండి. మాన్యువల్ చూసి అర్థమైందనుకోవడం ఈ బ్రాంచిలో అందరికీ ఉండే జబ్బు.

5. రెండో ఏడాదిలో మిగతావి

ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రేనాల్డ్స్ నంబర్‌ను (ప్రవాహం తీరును చెప్పే అంకె) నోటితో అంచనా వేయగలగాలి. 25 మిల్లీమీటర్ల పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో నీరు పోతుంటే అది 25,000. ప్రవాహం 2,100 లోపల లామినార్ (పొరలుగా సాగేది), 4,000 పైన టర్బులెంట్ (సుడులు తిరిగేది) కాబట్టి ప్లాంటులో నీటి పైపులు దాదాపు అన్నీ టర్బులెంటే. సెంట్రిఫ్యూగల్ పంపు ప్రైమింగ్ (నడిపేముందు ద్రవంతో నింపడం), ఎన్‌పీఎస్‌హెచ్ (పంపు నోటి దగ్గర ఉండాల్సిన పీడనపు కొలత), క్యావిటేషన్ (పంపులో ఆవిరి బుడగలు పుట్టి పగలడం), ఈ మూడూ ఎంత బాగా వస్తే అంత మంచిది. ప్లాంటులో మొదటి నెలలోనే ఎదురవుతాయి.

థర్మోడైనమిక్స్ రెండు సెమిస్టర్లుంటుంది, రెండోదే కష్టం. ఫ్యుగాసిటీ, యాక్టివిటీ కోఎఫిషియెంట్ (ఆదర్శ వాయువు, ఆదర్శ ద్రావణం తీరు నుంచి అసలు పదార్థాలు ఎంత తప్పుతాయో చెప్పేవి) అనగానే నిర్వచనాలు బట్టీ పట్టడం మొదలవుతుంది. దానికి బదులు ఒక ప్రశ్న పట్టుకుని చదవండి: ఇథనాల్, నీటి మిశ్రమాన్ని ఎంత మరిగించినా బరువులో 95.6 శాతం దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? అక్కడ ద్రవంలోనూ ఆవిరిలోనూ పాళ్లు ఒకటే అయిపోతాయి, డిస్టిలేషన్ టవరు ఎంత ఎత్తు కట్టినా లాభం లేదు. పెట్రోలులో కలపడానికి నీరులేని ఇథనాల్ కావాలి కాబట్టి డిస్టిలరీల్లో ఆ తర్వాత నీటిని పీల్చుకునే మాలిక్యులర్ సీవ్స్ పెడతారు. రౌల్ట్ సూత్రం (ద్రవంలోని పాళ్లను బట్టి ఆవిరి పీడనం చెప్పేది) ఎక్కడ తప్పుతుందో, యాక్టివిటీ కోఎఫిషియెంట్ ఎందుకు పుట్టిందో ఈ ఒక్క మిశ్రమంతో తెలిసిపోతుంది.

6. మూడో ఏడాది: నాలుగు దిక్కులా యుద్ధం

హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్, రియాక్షన్ ఇంజినీరింగ్, ప్రాసెస్ కంట్రోల్ అన్నీ ఈ ఏడాదే మీద పడతాయి. ఎంటెక్‌కూ, కొన్ని ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకూ రాసే గేట్ పరీక్షలోనూ బరువు వీటికే.

మాస్ ట్రాన్స్‌ఫర్‌లో, డిస్టిలేషన్ టవరుకి ఎన్ని ప్లేట్లు (లోపల అంతస్తుల్లా ఉండే పళ్లేలు) కావాలో తేల్చే మెకేబ్–థీలే గ్రాఫు గురించి కొంచెం ఆగి చెప్పాలి. పరీక్షలో మార్కులు పోయేది సిద్ధాంతంలో కాదు, పెన్సిల్లో. మొద్దు పెన్సిల్‌తో గీసిన మెట్లు పైకొచ్చేసరికి కలిసిపోయి, 9 ప్లేట్లు రావాల్సినచోట 7 వస్తాయి. గ్రాఫు షీటు మొత్తం వాడండి, మూలన చిన్నగా గీయకండి. ముందు 45 డిగ్రీల గీత, తర్వాత ఈక్విలిబ్రియమ్ కర్వు, తర్వాత ఫీడ్ లైను. ఫీడ్ (టవరులోకి పంపే మిశ్రమం) మరిగే ద్రవమైతే ఆ గీత నిలువుగా, సంతృప్త ఆవిరైతే అడ్డంగా ఉంటుంది. పై ఆపరేటింగ్ లైనూ ఫీడ్ లైనూ కలిసిన బిందువు నుంచే కింది లైను గీయాలి. అది సరిగా పడకపోతే కింద గీసినవన్నీ వృథా. లెక్క అయ్యాక రిఫ్లక్స్ రేషియోను (పైనుంచి మళ్లీ టవరులోకి తిప్పి పంపే ద్రవం పాళ్లు) రెండు మూడు రకాలుగా మార్చి అదే గ్రాఫు మళ్లీ గీయండి. రిఫ్లక్స్ పెంచితే ప్లేట్లు తగ్గుతాయి, ఆవిరి ఖర్చు పెరుగుతుంది. పెట్టుబడికీ రోజువారీ ఖర్చుకీ మధ్య బేరం కళ్లముందే కనిపిస్తుంది.

రియాక్షన్ ఇంజినీరింగ్‌లో సమీకరణాలు చూసి బెదిరిపోతారు గానీ, అన్నీ అదే పాత బ్యాలెన్స్. పుట్టేదీ ఖర్చయ్యేదీ అన్న పదాల్లో చర్య రేటు వచ్చి చేరుతుంది, అంతే. ఫస్ట్ ఆర్డర్ చర్యలో (గాఢతకు తగ్గ వేగంతో సాగేది) 90 శాతం కన్వర్షన్, అంటే పంపిన పదార్థంలో 90 శాతం మారిపోవడం కావాలనుకోండి. ప్లగ్ ఫ్లో రియాక్టర్‌కు (ముందూ వెనకా కలవకుండా పైపులో సాగేది) రేటు కాన్‌స్టెంటూ రెసిడెన్స్ టైమూ (లోపల ఉండే సమయం) గుణిస్తే 2.303 రావాలి. కలుపుతూ ఉండే సీఎస్‌టీఆర్‌కు 9 రావాలి. దాదాపు నాలుగు రెట్లు పెద్ద పాత్ర! ఎందుకంటే సీఎస్‌టీఆర్‌లో లోపలంతా ఎగ్జిట్‌లో ఉన్నంత పలుచగానే ఉంటుంది, చర్య మందకొడిగా సాగుతుంది. ఈ రెండంకెలూ ఎలా వచ్చాయో పుస్తకం చూడకుండా తెల్లకాగితం మీద తేల్చగలిగితే ఆ సబ్జెక్టులో సగం వచ్చినట్టే. లెవెన్‌స్పీల్ పుస్తకాన్నే పట్టుకోండి, పది పుస్తకాలు వద్దు. అలాగే యూనిట్ ఆపరేషన్స్‌కు మెకేబ్–స్మిత్, మాస్ ట్రాన్స్‌ఫర్‌కు ట్రేబాల్.

హీట్ ట్రాన్స్‌ఫర్‌లో ఎల్‌ఎమ్‌టీడీ (సగటు ఉష్ణోగ్రత తేడా) లెక్కలు అందరూ చేస్తారు. ఓవరాల్ కోఎఫిషియెంట్‌లో (వేడి మొత్తంగా ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పేది) ఏ రెసిస్టెన్స్ పెద్దదో గుర్తుపట్టేవాళ్లు తక్కువ. గాలి వైపు సమస్య ఉంటే నీటి వైపు ఎంత పెంచినా ఫలితం ఉండదు. ప్రాసెస్ కంట్రోల్‌కు మాత్రం నాదొక్కటే సలహా: లాప్లాస్ డొమైన్‌లో మునిగిపోయి అసలు ట్యాంకును మరిచిపోకండి. ప్రతి ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ పక్కనా "వాల్వు కొంచెం తెరిస్తే లెవెల్‌కి ఏమవుతుంది" అని మామూలు తెలుగులో ఒక వాక్యం రాసుకోండి.

7. మిడ్స్, ఎక్స్‌టర్నల్స్, ల్యాబులు

జేఎన్‌టీయూ తరహా పరీక్షలకు పాత ప్రశ్నపత్రాలు చాలావరకు గట్టెక్కిస్తాయి, కాదనను. కానీ ఆ చదువు పరీక్ష హాలు గుమ్మం దాటి రాదు. రెండూ సాధించాలంటే సెమిస్టరంతా లెక్కలు చేయాలి, చివరి రెండు వారాలు మాత్రం పాత పేపర్లకివ్వాలి. ప్రాసెస్ కాలిక్యులేషన్స్, థర్మో, ఈ రెండిట్లో బ్యాక్‌లాగ్ పెట్టుకుని ముందుకెళ్లకండి. మిగతావాటిని సప్లీలో చూసుకోవచ్చు గానీ ఇవి మూడో ఏడాదంతా వెంటాడతాయి.

ల్యాబులో బ్యాచికి నలుగురుంటే ఒకరు రీడింగు తీస్తారు, ముగ్గురు సీనియర్ రికార్డు చూసి రాస్తారు. ఆ ఒక్కరు మీరే అవ్వండి. ప్యాక్డ్ బెడ్‌లో (చిన్న ముక్కలు నింపిన గొట్టం) ప్రెజర్ డ్రాప్ ఎక్కడ ఎగరడం మొదలైందో, ఫిల్టర్ ప్రెస్‌లో కేకు మందమయ్యేకొద్దీ ధార ఎలా సన్నబడిందో కళ్లతో చూసినవాళ్లకు వైవాలో తడుముకోవాల్సిన పనుండదు. రీడింగులు సిద్ధాంతానికి సరిపోకపోతే దిద్దకండి. ఎందుకు సరిపోలేదో రికార్డులో రాయండి. మెచ్చే మాస్టారు ఒకరైనా ఉంటారు.

8. సాఫ్ట్‌వేర్

ప్లాంటును కంప్యూటర్లో నడిపి చూసే సిమ్యులేటర్లలో యాస్పెన్ కాలేజీలో ఉంటే అదృష్టం, లేకపోతే డీడబ్ల్యూసిమ్ ఉచితం. ఐఐటీ బాంబే వాళ్ల ఫోసీ ప్రాజెక్టు, విద్యార్థులు దీంట్లో ఫ్లోషీట్లు (ప్రాసెస్ మొత్తాన్నీ చూపే బొమ్మ, లెక్కలు) చేసి సమర్పిస్తే పరిశీలించి సర్టిఫికెట్ ఇస్తుంది. రెజ్యూమెలో పది ఆన్‌లైన్ కోర్సుల కంటే ఆమోదం పొందిన ఫ్లోషీటు ఒకటి బరువు. అయితే ముందు చేత్తో లెక్క చేసి, తర్వాతే సిమ్యులేటర్‌లో పెట్టండి. తప్పు థర్మోడైనమిక్ ప్యాకేజీ ఎంచుకున్నా అది చక్కగా జవాబిస్తుంది, అదే దాంతో ప్రమాదం.

9. ఇంటర్న్‌షిప్

మూడో ఏడాది వేసవికి జనవరిలోనే మొదలుపెట్టండి. హెచ్‌వోడీ సంతకంతో రిక్వెస్ట్ లెటర్, బోనఫైడ్, కాలేజీ ఐడీ సిద్ధంగా ఉంచుకోండి. విశాఖ రిఫైనరీ, ఎరువుల కంపెనీల్లాంటి పెద్దచోట్ల దరఖాస్తులు ముందే నిండిపోతాయి. పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం, జీడిమెట్ల, పాశమైలారం, చౌటుప్పల్ వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థం) యూనిట్లు చాలా ఉన్నాయి. సీనియర్లలో అక్కడ పనిచేసే అన్నలనీ అక్కలనీ అడగడానికి మొహమాటపడకండి. సగానికి సగం ఇంటర్న్‌షిప్పులు అలాగే వస్తాయి.

లోపలికెళ్లాక చాలామంది కాన్ఫరెన్స్ రూములో కూర్చుని పాత రిపోర్టు కాపీ చేసుకుంటారు. మీరు షిఫ్ట్ ఇంచార్జిని అడిగి ఒక్క లైను ట్రేస్ చేయండి. సాల్వెంట్ ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పైపు ఎటు పోతే అటు నడవండి. ఏ వాల్వు దాటింది, ఏ పంపులోకి వెళ్లింది, స్టాండ్‌బై పంపు ఎక్కడ, ఫ్లోమీటరు ఎక్కడ, రియాక్టర్ మీద ఏ నాజిల్‌లో కలిసింది, వెంట్ ఎక్కడికి పోయింది, కండెన్సర్‌కి బ్రైన్ (బాగా చల్లబరిచిన ఉప్పునీరు) వస్తోందా మామూలు కూలింగ్ వాటరా. చూసిందంతా కాగితం మీద గీసి, సాయంత్రం ప్లాంటు వాళ్ల పీ అండ్ ఐడీతో (పైపులు, పరికరాలన్నీ చూపే బొమ్మ) పోల్చండి. తేడాలుంటాయి. కొన్ని మీ తప్పులు, కొన్ని కాగితం మీదకి ఎక్కని మార్పులు. ఆ తేడాల గురించి మర్యాదగా అడిగితే, "ఈ పిల్లాడికి పని మీద ధ్యాస ఉంది" అని వాళ్లే మిగతావి చూపిస్తారు.

10. సేఫ్టీని ఎలెక్టివ్ అనుకోవద్దు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ దానంతటదే పాలిమరైజ్ అవుతుంది (అణువులు గొలుసులుగా కలిసిపోతాయి), అయ్యేటప్పుడు వేడి పుడుతుంది, వేడి పెరిగేకొద్దీ చర్య ఇంకా వేగమవుతుంది. అందుకే చల్లగా ఉంచాలి, ఆ చర్యను అడ్డుకునే ఇన్‌హిబిటర్ కలపాలి, ద్రవాన్ని తిప్పుతూ ఉండాలి. ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణోగ్రత కొలిస్తే పైపొరలో ఏం జరుగుతోందో తెలియదు. రెండో ఏడాదిలో రాసిన ఎనర్జీ బ్యాలెన్స్‌ను ఇక్కడ మళ్లీ రాయండి. పుట్టే వేడి పోయే వేడిని మించితే మిగిలింది పేరుకుంటుంది. పరీక్షలో "అక్యుములేషన్ సున్నా" అని కొట్టేసే పదం అది. హజాప్ (ఎక్కడ ఏం తప్పవచ్చో వరుసగా పరిశీలించే పద్ధతి), వర్క్ పర్మిట్, కన్‌ఫైన్డ్ స్పేస్ (ట్యాంకుల్లాంటి ఇరుకు చోట్లు) నిబంధనలు, ఎమ్‌ఎస్‌డీఎస్ (రసాయనం ప్రమాదాలు చెప్పే పత్రం) చదవడం, ఎల్‌ఈఎల్ (గాలిలో ఆవిరి ఎంత చేరితే అంటుకుంటుందో ఆ కింది హద్దు) అంటే ఏమిటి, ఇవన్నీ సిలబస్‌లో ఉన్నా లేకపోయినా నేర్చుకోండి.

11. నాలుగో ఏడాది, ఆ తర్వాత

గేట్ రాయాలనుకుంటే మూడో ఏడాది పూర్తయ్యాక మొదలుపెట్టినా చాలు, పునాది ఉంటే. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఆప్టిట్యూడ్‌కు 15, మ్యాథ్స్‌కు 13, మిగతా 72 సబ్జెక్టుకు. అంటే ఇంజినీరింగ్ పుస్తకం తెరవకుండానే 28 మార్కులున్నాయి, వాటిని వదలకండి. అంకె టైపు చేసే ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు. సొంత క్యాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు, తెరమీద మౌస్‌తో నొక్కాలి. ఇంట్లో ప్రాక్టీసు కూడా దాంతోనే చేయండి, లేకపోతే పరీక్షలో పది నిమిషాలు అక్కడే పోతాయి. ప్రభుత్వ చమురు కంపెనీల్లో కొన్ని గేట్ స్కోరుతో, కొన్ని సొంత పరీక్షతో తీసుకుంటాయి, అదీ ఏటా మారుతుంటుంది. నోటిఫికేషన్ చూసి నిర్ణయించుకోవాలి. మణుగూరు భారజల కర్మాగారం, హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ లాంటివి అణుశక్తి విభాగం కిందివి, వాటి దారి వేరు. పరిశోధన వైపు వెళ్లాలంటే తార్నాకలోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) మన గుమ్మంలోనే ఉంది. ఎమ్మెస్‌కు విదేశం వెళ్లేవాళ్లు ప్రాజెక్టును గట్టిగా చేసుకోవాలి, రికమెండేషన్ లెటర్‌లో రాయడానికి మాస్టారికి ఏదో ఒకటి కనిపించాలి కదా.

ఫార్మాలో చేరేవాళ్లు ఎక్కువ. ఆఫర్ వచ్చినప్పుడు జీతం ఒక్కటే చూడకుండా ఏ విభాగమో అడగండి. ప్రొడక్షన్‌లో బ్యాచులు నడపడం వస్తుంది, ప్లాంటు చేతికి వస్తుంది, కానీ కొన్నేళ్లు అక్కడే ఉండిపోతే లెక్కలు తుప్పు పడతాయి. ప్రాసెస్ ఇంజినీరింగ్, టెక్ ట్రాన్స్‌ఫర్ విభాగాలైతే ల్యాబు నుంచి జీఎల్‌ఆర్‌కు చర్యను తెచ్చే పని కాబట్టి చదివినదంతా వాడకంలో ఉంటుంది. నా ఓటు రెండో దానికే, అయితే మొదటి ఏడాది ప్రొడక్షన్‌లో షిఫ్టులు చేసొచ్చినవాళ్లు అక్కడ ఇంకా బాగా రాణిస్తారు.

క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ వస్తే కూర్చోవాలా? ఇంటి పరిస్థితి అవసరమనిపిస్తే కూర్చోండి, అందులో తప్పేమీ లేదు. కానీ ఒకసారి వెళ్లి రెండు మూడేళ్లు దాటాక కోర్‌కి, అంటే కెమికల్ ఉద్యోగాలకి తిరిగి రావడం కష్టమవుతుంది. ఆ సంగతి తెలిసే వెళ్లండి.

చివరి సెమిస్టర్లో ఫలితాలు వచ్చిన వారంలోపే ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమోలకు దరఖాస్తు పెట్టండి. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద తేదీలు, మీ పేరు స్పెల్లింగు టెన్త్ మెమోతో సరిపోయాయో చూసుకోండి. పబ్లిక్ సెక్టార్ జాయినింగుల్లో డాక్యుమెంట్ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయేది ఎక్కువగా వీటి వల్లే.